విరగని చేతికి కట్టు

ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. ఎన్ని సూదులు వేశానో, ఎన్ని సెలైన్లు పెట్టానో నాకు గుర్తు లేదు. ఒక్క లెక్క మాత్రం మరిచిపోలేదు. విరగని చేతులకు నా కళ్ళెదుట కట్టిన కట్లు పదకొండు. అందులో పదింటిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పదకొండోది ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ తప్పు నాదే.

మందు మాన్పించే కేంద్రాలు ఇంకా పెంచుతున్నారని, కొత్త నర్సులను తీసుకుంటున్నారని ఈ మధ్య విన్నాను. మా చెల్లెలి కూతురు కూడా ఒకదాంట్లో చేరింది. చేరే ముందు రోజు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఏం చదువుకొని పోవాల?" అని అడిగింది. చదవాల్సిన పుస్తకాలు ట్రైనింగులో వాళ్ళే ఇస్తారు, నిద్ర రాకపోతే అవి బాగా పనికొస్తాయి. వాటిలో దొరకనిది ఒకటుంది. అది దాని కోసం, దాని ఈడు పిల్లల కోసం రాస్తున్నాను.

మా ఆసుపత్రి తిరుపతి నుంచి పుత్తూరు వైపు పోయే దారిలో ఒక చిన్న ఊళ్ళో ఉండేది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. అందరూ బతికే ఉన్నారు, అందరికీ ఫోన్లున్నాయి. కుటుంబ నియంత్రణ వాళ్ళ పాత గదులు ఖాళీ చేసి, సున్నం కొట్టి, పది మంచాలు వేసి కేంద్రం తెరిచారు. సర్జికల్ వార్డులో సుఖంగా ఉన్న నన్ను అక్కడికి మార్చారు. "నోరున్న సిస్టరు కావాల, నువ్వే సరి" అన్నారు పెద్దలు. అది మెప్పో దెప్పో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

డాక్టరు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు. ఎంత మర్యాదస్తుడంటే, ఎవరు కనపడినా "రండి, కూర్చోండి, ఎలా ఉన్నారండీ" అనేవాడు. మా వైపు తాగుబోతును జన్మలో ఎవరూ అట్లా పిలిచి ఉండరు. పాపం వాళ్ళు వెనక్కి తిరిగి, తమ వెనకాల ఎవరొచ్చారా అని చూసుకునేవాళ్ళు.

ఆ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు కూడా మొదట్లో లేరు. కారణం మా బోర్డు. ఆరడుగుల బోర్డు, ఎర్రటి అక్షరాలు, మధ్యలో సీసా బొమ్మ, దానికి అడ్డంగా గీత. దాన్ని తీసుకుపోయి మా గుమ్మం మీద, ఓపీ చీటీలిచ్చే కిటికీకి సరిగ్గా ఎదురుగా తగిలించారు. పొద్దున ఎనిమిదింటికే అక్కడ చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా వరసలో నిలబడి ఉంటారు. చేతిలో పనేమీ ఉండదు. ఎవరు మా గుమ్మం తొక్కుతారా అని చూడటానికి అంతకంటే మంచి చోటు ఇంకొకటి లేదు. మొదటి నెల మా దగ్గరికొచ్చిన వాళ్ళెవరంటే, బాత్రూమ్ ఎక్కడని అడిగినవాళ్ళు, ఫోన్ చార్జింగు పెట్టుకుంటామన్నవాళ్ళు, సీసా బొమ్మ చూసి ఇక్కడ అమ్ముతారనుకుని వచ్చిన ఒక పెద్దమనిషి. ఆయనను డాక్టరు గారు గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడారు. పాపం, మళ్ళీ రాలేదు.

చివరికి ఒకాయన వచ్చాడు. చెరకు తోలే ట్రాక్టరు డ్రైవరు. ఎక్స్‌రే చీకటి గది పక్కనున్న వెనక తలుపు తట్టి లోపలికొచ్చాడు. పది రోజులున్నాడు. వణుకు తగ్గింది, అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. పదకొండో రోజు పొద్దున సంచి సర్దుకుని మంచం మీద కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా కదల్లేదు.

"ఏమప్పా, ఇంటికి పోవా?" అన్నాను.

"ఎట్ట పోయేది సిస్టరమ్మా? చెయ్యి ఇరిగింది, పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోనొస్తానని ఊర్లో చెప్పి వచ్చినా. ఇప్పుడు ఉత్త చేతులు ఊపుకుంటా బస్సు దిగితే నవ్వరా?"

మా సీమలో పుట్టినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఎముక విరిగితే మావాళ్ళు పుత్తూరు వైపు పోతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, బట్ట. తరాల నుంచి అదే కట్టు. పది రోజులు మనిషి ఊళ్ళో కనపడకపోతే "పుత్తూరుకు పోయినాడు" అంటే చాలు, రెండో ప్రశ్న ఉండదు. పైగా ఇంటికొచ్చాక అందరూ పలకరిస్తారు, గుడ్లు పంపిస్తారు. మందు మాన్పించుకోవడానికి పోయానంటే ఎవరు గుడ్లు పంపిస్తారు?

మా డ్రెస్సరు ఆ మాట విన్నాడు. డ్రెస్సరంటే ఆసుపత్రిలో పుండ్లు కడిగి కట్లు కట్టే ఉద్యోగి. నా ఈడువాడే, పనిమంతుడు, కాస్త గొప్పలు. "ఇంతేనా, దానికి దిగులెందుకురా సామీ" అని గుడ్డచుట్ట తెచ్చి, మోచేతి నుంచి వేళ్ళదాకా చుట్టి, మెడలో వేలాడదీసి పంపించాడు. కట్టు చివరను కిళ్ళీ మడిచినట్టు మూడు మడతలు పెట్టి లోపలికి దోపడం అతని అలవాటు. పిన్ను పెట్టడు, ముడి వెయ్యడు. "నా సంతకం" అనేవాడు. ఆ ట్రాక్టరాయన అద్దంలో చూసుకుని, నిజంగా విరిగినవాడి మాదిరి ముఖం పెట్టి బస్సెక్కాడు.

నెల తిరిగేసరికి మంచాలు నిండాయి. "ఆడ మందు మాన్పిస్తారు, పోయేటప్పుడు కట్టు గూడా కడతారు" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. ఒకాయన ఎడమ చెయ్యి కావాలన్నాడు, కుడి చేత్తో పేకాడాలట. ఇంకొకాయన కాలికి కట్టమని పట్టుబట్టి, మెట్లు దిగలేక రెండో రోజే విప్పించుకున్నాడు. డాక్టరు గారు మాత్రం ఇబ్బంది పడేవాడు.

"సిస్టర్ గారూ, ఈ కట్లని కేసు షీట్లో ఏమని రాయమంటారండీ?"

"ఏమీ రాయొద్దు సార్. రాస్తే వైద్యమైపోతాది."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజుల్లో నాకు నా తెలివి మీద మహా నమ్మకం. చదువుకున్న డాక్టరుకు రాని కిటుకు మాకు వచ్చింది కదా అని.

అట్లా ఉండగా వచ్చాడు పూలాయన.

తిరుచానూరులో పూలమాలలు కట్టే మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. తాత నాటి నుంచి అదే పని. చామంతి, మరువం, సంపంగి ఏదైనా సరే, ఆయన చేతిలో అరటినార పడితే మాల అచ్చు పోసినట్టు వచ్చేదట. మా ముందు కూర్చున్నప్పుడు ఆ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాడు. వదిలితే వణుకుతున్నాయి.

"పొద్దున్నే రొంత పడితే గానీ ముడి పడదు సార్. ముందైతే ఒక గుక్క చాలు. ఇప్పుడు క్వార్టరు దిగినా నార జారిపోతా ఉండాది. నిన్న ఒక లాడ్జి వాళ్ళు మాల వెనక్కి పంపిచ్చినారు. పూలు రాలిపోతాండాయంట. మా తాత కట్టిన మాల వాడేదే గానీ రాలేది కాదు."

ఆయన ఏడవలేదు. ఆ చేతుల వైపు, అవి వేరేవాళ్ళవైనట్టు చూశాడు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నన్ను కదిలించిన చూపులు కొన్ని ఉన్నాయి, అందులో అదొకటి.

డాక్టరు గారు పరీక్ష చేసి, పది రోజులు వార్డులో ఉండి తీరాలన్నాడు. పూలాయన ఒప్పుకోలేదు. అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి, గురువారం ఆఖరి రోజు, పంచమి తీర్థం. ఏడాది మొత్తానికి పూలవాళ్ళకు అంతటి గిరాకీ ఉండేది ఆ కొన్ని రోజులే. అది అయ్యాక వచ్చి పడుకుంటానన్నాడు. అప్పుడు డాక్టరు గారు నిదానంగా, ఒక్కో మాటా ఒత్తి చెప్పాడు. ఇంత తాగే శరీరానికి మందు ఒక్కసారిగా ఆపితే అది తిరగబడుతుంది, ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. మాత్రలతో మెల్లగా దించాలి, ఇంట్లో ఒకరు దగ్గరుండి మాత్రలు వేసి కనిపెట్టుకుని ఉండాలి. నా వైపు తిరిగి, "రేపు వాళ్ళావిడను తీసుకురమ్మనండి. ఆవిడతో నేను మాట్లాడాకే మాత్రలివ్వండి" అని చెప్పి, తిరుపతిలో మీటింగు ఉందని వెళ్ళిపోయాడు.

డాక్టరు గారి కారు గేటు దాటిందో లేదో పూలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, మా ఇంటిదానికి తెలవకూడదు."

"తాగేది తెలవదా?"

"అది తెలుసు. ఇది తెలవకూడదు."

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. సిగ్గు పడుతున్నాడులే అనుకున్నాను.

"చెయ్యి బెణికిందని చెప్తా. కట్టు కట్టినారంటే దుకాణంలో కూచోని బేరం చూసుకుంటా ఉన్నా, నేను మాల ఎందుకు కట్టలేదని ఎవురూ అడగరు. మాత్రలియ్యి తల్లీ, అమ్మవారి సాక్షిగా ఈ పొద్దు నుంచే ముట్టను. నీకు దండం పెడతా."

పెట్టాడు కూడా. వణుకుతున్న చేతులతో దండం పెడితే అది చూడటం కష్టం. నేను మూడు రోజుల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేశాను. డ్రెస్సరును పిలిచి కట్టు కట్టించాను. పూలాయన గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చి, "ఈ మాత్రలేంటివని అడిగితే ఏం చెప్పేది?" అన్నాడు.

"ఎముక మాత్రలని చెప్పు" అన్నాను.

ఆ మూడు ముక్కలు నా నోటి నుంచే వచ్చాయి. ఎవరూ నా చేత బలవంతంగా చెప్పించలేదు.

ఇది సోమవారం మాట. మంగళవారం ఆయన రాలేదు. డాక్టరు గారు అడిగితే, "పండగ హడావుడి సార్, వస్తాడులే" అన్నాను. మాత్రలిచ్చిన సంగతి చెప్పలేదు. బుధవారం కూడా రాలేదు. వచ్చినవాళ్ళ చేతుల వైపే చూస్తున్నాను గానీ పైకి గంభీరంగా ఉన్నాను.

గురువారం పంచమి తీర్థం. రోడ్డంతా జనం, బస్సులు, వ్యాన్లు. పదకొండు గంటలప్పుడు ఆసుపత్రి గేట్లోకి ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ వచ్చింది. అందులోంచి ముందు దిగినవాడిని చూసి మా డ్రెస్సరు, "అయ్యో, ఎముకల తాత" అని గోడ చాటుకు జరిగాడు.

ఎముకల తాతంటే మా ఊరికి రెండు మైళ్ళ అవతల రేకుల పాకలో కట్లు కట్టే నాటు వైద్యుడు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మా ఆసుపత్రి గడప ఎన్నడూ తొక్కలేదు. మేమూ ఆయన పాక వైపు చూసేవాళ్ళం కాదు. ఆయన వెనకాల ఆటోలో పూలాయన. ఇద్దరు మనుషులు పట్టుకుని ఉన్నారు. ఒళ్ళంతా చెమట, కళ్ళు ఎర్రగా, కుదురు లేకుండా. ఒంటి మీద నుంచి ఏవో దులుపుకుంటున్నాడు. "పూలు పాకతా ఉండాయి, పూలు పాకతా ఉండాయి" అంటున్నాడు. పక్కన ఆయన భార్య, బిత్తరపోయి, చేతిలో విప్పిన కట్టుగుడ్డ పట్టుకుని.

 ముప్పై ఏళ్ళ అలవాటు కదా, చేతులు వాటంతటవే పనిచేశాయి. మంచం మీద పడుకోబెట్టాం. ఎక్కించిన రెండు నిమిషాలకే ఫిట్స్ వచ్చాయి. డాక్టరు గారు పరుగెత్తుకొచ్చాడు. సూది వేశాం, పక్కకు తిప్పి పట్టుకున్నాం, సెలైన్ పెట్టాం. ఫిట్స్ ఆగి మనిషి నిద్రలోకి జారేదాకా ఎంత సేపు పట్టిందో తెలియదు. ఊపిరి సక్రమంగా ఉందని డాక్టరు గారు చెప్పాడు.

అప్పుడు తాత ముందుకొచ్చాడు.

"ఈ మడత పెట్టింది ఎవురమ్మా?" అని కట్టుగుడ్డ చివర చూపించాడు. కిళ్ళీ మడత చెదరకుండా అట్లాగే ఉంది. "పొద్దున్నే నా తావకు మోసుకొచ్చినారు. ఎముక ఇరిగి విషం తలకెక్కింది, కట్టు మార్చమని. ఇప్పి సూస్తే చెయ్యి బంగారం మాదిరి ఉండాది. ఈ మడత కట్టు నా తావకు రావడం ఇది మూడోసారి. మూడూ ఇరగని చేతులే. ముందొచ్చిన ఇద్దరూ కాళ్ళు పట్టుకుంటే గమ్మునుండినా. మీరేదో మంచి పని చేస్తాండారని మళ్ళా చుట్టి పంపించినా. ఈ అబ్బోడి ఒళ్ళు సూస్తానే అర్థమయ్యింది, ఇది నా పని కాదు, మీదని. మా నాయన ఒకటే చెప్పినాడమ్మా. ఇరిగిందో లేదో తడిమి సూడకుండా కట్టు కట్టొద్దని. మీరు సదువుకున్నోళ్ళు. మీకు చెప్పేవాళ్ళు లేరా?"

 డ్రెస్సరు గోడకు అతుక్కుపోయాడు. నేను డాక్టరు గారి వైపు తిరిగి, మాత్రలు నేనే ఇచ్చానని, ఆయన భార్య రాకముందే ఇచ్చానని, ఎముక మాత్రలని చెప్పమన్నదీ నేనేనని అందరి ముందూ చెప్పాను. 

"మరి మాత్రలు వేసుకుంటే ఇలా అవ్వకూడదే" అన్నాడు డాక్టరు గారు.

అప్పుడు పూలాయన భార్య కొంగు ముడి విప్పింది. అందులో నేను కట్టిన పొట్లం, విప్పకుండా.

"ఎముక మాత్రలన్నాడు సార్. కట్టు మీద ఇంగిలీషు మాత్రలు పడవు, వేడి చేస్తాయని మా అత్త అనింది. నేను దాచిపెట్టేసినా, ఆయన అడిగినా ఇయ్యలేదు. రోజూ రెండు గుడ్లు పెట్టినా, పాలు పోసినా. మూడు దినాలుగా ఆయన చుక్క ముట్టలేదు. కట్టు కట్టినారు కదా, నొప్పికి తాగబుద్ధి కాలేదేమో అనుకున్నా."

తప్పులు ఎట్లా పేరుకున్నాయో చూడండి. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆమె మొగుణ్ణి ప్రేమగా చూసుకుంది. అత్త తనకు తెలిసిన మంచి చెప్పింది. ఇంటిల్లిపాదీ మంచే చేశారు. నేను చెప్పిన ఒక్క అబద్ధం వల్ల ఆ మంచంతా ఆయన మీదికి ఎదురు తిరిగింది.

డాక్టరు గారు ఆమెను కూర్చోబెట్టి, ఆ మాత్రలు దేనికో, ఆయన ఏం చేయబోయాడో చెప్పాడు. ఆమె అంతా విని, కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఆయన తాగతాడని తిరుచానూరంతా తెలుసు సిస్టరమ్మా. నడివీధిలో పడితే ఎత్తుకొచ్చుకున్నదాన్ని నేను. తాగేది నాకు తెలియొచ్చు గానీ మానేది తెలియగూడదా?"

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. సోమవారం నాడు "అది తెలుసు, ఇది తెలవకూడదు" అని పూలాయన అన్నప్పుడు నేను వినిపించుకోనిది అదే. ఆయన సిగ్గు తాగుడు గురించి కాదు. అంతకుముందు నాలుగుసార్లు మానతానని ఒట్టేసి, నాలుగుసార్లూ తప్పాడట. ఐదోసారి కూడా తప్పితే ఆమె ముఖం చూడలేనని భయపడ్డాడు. ఆ సంగతి రెండు రోజుల తర్వాత మతి కుదుటపడ్డాక ఆయనే చెప్పాడు. మతి రాగానే అడిగిన మొదటి ప్రశ్న మాత్రం, "మాలలు ఎవురు కట్టినారు?" అని.

"మా తమ్ముడూ నేనూ కట్టినాములే. నువ్వు పడుకో" అన్నది భార్య.

"రాలినాయా?"

"రాలినాయి. అమ్మవారేం అనుకోదులే."

ఆయన నవ్వాడు. వార్డులో పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు. నేను మందులగదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

నా మీద చర్య తీసుకోమని నేనే కాగితం రాసి ఇచ్చాను. డాక్టరు గారు చదివి, పై వాళ్ళకు పంపాడు. మందలింపు వచ్చింది, మూడు నెలలు మాత్రల బీరువా తాళం నా చేతికి ఇవ్వలేదు. అది న్యాయమే. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, "సిస్టర్ గారూ" అనడం మానలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ పై ఆదివారం డాక్టరు గారు, నేను, డ్రెస్సరు కలిసి ఎముకల తాత పాకకు పోయాం. క్షమాపణ చెప్పుకోవడానికే పోయాం. డ్రెస్సరు ఒక గంపెడు గుడ్లు తీసుకున్నాడు. తాత గుడ్లు తీసుకుని లోపల పెట్టించి, మమ్మల్ని బెంచీ మీద కూర్చోమన్నాడు. అప్పటికే పాకలో ఏడెనిమిది మంది వరసగా ఉన్నారు. తాత ఒక్కొక్కరి దగ్గరికి పోయి, చెయ్యి తడిమే ముందు నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. మా వైపు తిరిగి వేళ్ళు చూపించాడు. నలుగురు.

"సగం మంది తాగి పడినోళ్ళేనమ్మా. నేను అతికించేది, వీళ్ళు మళ్ళా పోయి పడేది. ఒకాయనకు ఒకే చెయ్యి మూడుసార్లు కట్టినా. ఎముక నేను సూసుకుంటా. మళ్ళా పడకుండా సూసుకునేది మీరు. ఈ బెంచీలో సగం మీకిస్తా, వారానికొక దినం వచ్చి కూసోండి. బోర్డు మాత్రం తేవొద్దు."

డాక్టరు గారు ఆ పూటే ఒప్పేసుకున్నాడు. ప్రతి ఆదివారం ఆ బెంచీ మీద రోగులకు మాటలతో నచ్చజెప్పే మా కౌన్సెలరో నేనో కూర్చునేవాళ్ళం. చేతిలో ఏ కాగితమూ ఉండేది కాదు. కట్టు ఆరేదాకా మనిషి గంటసేపు కదలకూడదు, వెంట ఇంటివాళ్ళు తప్పకుండా ఉంటారు. మాట్లాడటానికి అంతకంటే ఏం కావాలి? భార్యలు, తల్లులు ముందు మాట్లాడేవాళ్ళు. నిజంగా విరిగిన చేతులతో, నిజం తెలిసిన ఇంటివాళ్ళను వెంటబెట్టుకుని మనుషులు మా వార్డుకు రావడం మొదలైంది. ఆరడుగుల బోర్డును డ్రెస్సరు ఎప్పుడో తీసుకుపోయి వాళ్ళ కోళ్ళగూటికి తలుపు చేశాడు. ఎవరూ వెతకలేదు.

దొంగకట్లు ఆ రోజుతో ఆపేశాం. కొందరు అలిగారు. వాళ్ళకు మేం చెప్పేది ఒకటే, ఊరికంతా చెప్పనక్కర్లేదు, ఇంట్లో ఒక్కరికి చెప్పు, ఆ ఒక్కరిని మా దగ్గరికి తీసుకురా. ఊరికి నువ్వేం చెప్పుకుంటావో మాకు పనిలేదు.

ఏడాది తిరిగాక పెద్ద ఆఫీసర్లు వచ్చి చూశారు. ఎముకల తాతతో ఫొటోలు దిగారు. ఇది ఏ పద్ధతి అని ఒకాయన అడిగితే డాక్టరు గారు ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. తాత నా చెవి దగ్గరికి వంగి, "బెంచీకి అంత పేరుండాదా?" అన్నాడు. పది మంచాలు ఇరవై అయ్యాయి. ఇంకా రెండు ఊళ్ళలో కేంద్రాలు తెరిచారు. తర్వాత తడ వైపు లారీలు ఆగే చోట ఒకటి పెట్టారు. నన్ను అక్కడి పిల్లలకు నేర్పమని పంపారు.

తడలో కథ వేరు. అక్కడికొచ్చే కుర్రాళ్ళు నొప్పి మాత్రలు, సూదులు అలవాటైనవాళ్ళు. నెల రోజులు మానిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు, మళ్ళీ జారి పాత లెక్కన తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. ఈ ముక్క వాళ్ళకు చెప్పి పంపితే చాలదు. ఇంట్లో ఒకరికి, గదిలో పడుకునే స్నేహితుడికి తెలియాలి. పెదవులు నీలంగా మారితే, పిలిస్తే పలక్కపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆ నిమిషమే అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలని వాళ్ళకు చేసి చూపించాలి. "మా ఇంట్లో చెప్పొద్దు సిస్టర్" అని కుర్రాడు అన్న ప్రతిసారీ నేను పూలాయన భార్య కొంగు ముడి సంగతి చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆ తర్వాత ఒక ఫోన్ నంబరు ఇచ్చేవాళ్ళు. అక్కనో, బావనో, రూములో వంట చేసే స్నేహితుడో. ఒక్కరు చాలు.

పూలాయన గురించి కదా మీకు తెలుసుకోవాలనుంది. మొదటి ఏడాది రెండుసార్లు జారాడు. రెండుసార్లూ భార్యే వెంటబెట్టుకుని తీసుకొచ్చింది, నన్ను అడగకుండానే పొట్లం చేతిలోంచి లాక్కుని లెక్కపెట్టుకునేది. ఆ తర్వాత జారలేదు. వణుకు పూర్తిగా పోవడానికి చాలా నెలలు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం వార్డుకు వచ్చి, జేబులోంచి అరటినార, సంచిలోంచి చామంతులు తీసి, రోగులందరి ముందూ మూర మాల కట్టి, దాన్ని పట్టుకుని గట్టిగా విదిలించాడు. ఒక్క రేకు కూడా రాలలేదు. ఆ మాలను మందుల బీరువా హ్యాండిలుకు కట్టాం. ఎండిపోయాక కూడా తీయలేదు.

నేను రిటైరైన రోజు చిన్న సభ పెట్టారు. డాక్టరు గారు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు, అయినా వచ్చాడు. తాత కూడా వచ్చాడు, మనవడి చెయ్యి పట్టుకుని. పూలాయన మాల తెస్తాడని అందరూ ఎదురుచూస్తున్నారు. గంట ఆలస్యంగా వచ్చాడు. కుడి చేతికి మోచేతి నుంచి వేళ్ళదాకా కట్టు, మెడలో వేలాడుతూ. వెనకాల భార్య, చేతిలో మాల.

సభంతా గొల్లుమంది. పాత కథ తెలియనివాళ్ళు అక్కడ లేరు. "ఈనాటికి గూడా నా పనితనం మరిచిపోలేదు సూడు" అని మా డ్రెస్సరు మురిసిపోతూ లేచిపోయి, తమాషాకు ఆ కట్టు పట్టుకుని లాగాడు.

పూలాయన "అమ్మా" అని కేక పెట్టాడు. నిజమైన కేక. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

నేను ఎట్లా లేచానో, ఎట్లా ఆయన దగ్గరికి పోయానో నాకు తెలియదు.  మళ్ళీ మొదలుపెట్టాడా అనుకున్నాను. అలవాటు కొద్దీ ఆయన నోటి దగ్గరికి ముక్కు పోయింది. తాత అప్పటికే రెండో పక్క నుంచి వాసన చూస్తున్నాడు. మా ఇద్దరికీ తమలపాకు వాసన తప్ప ఏమీ తగల్లేదు.

"నా పాకలోనే కట్టినానమ్మా, నిన్న" అన్నాడు తాత తీరిగ్గా. "ఊరికే సూస్తాండా, మళ్ళా ఒకసారి."

"నిన్న పూలగంప ఎత్తుకోని మెట్లు దిగతా ఉంటే కాలు జారింది సిస్టరమ్మా. ఎముక రెండు తావుల ఇరిగింది." పూలాయన నొప్పితోనే నవ్వాడు. ఆ నవ్వులో ఉన్న గర్వం నేను ఇంకెక్కడా చూడలేదు. "నా బతుకులో తాగకుండా పడింది ఇదే మొదటిసారి."